నీడ జరుగుతుంది, గొలుసు జరగదు

సంపాదకులకు నమస్కారం.

నెల్లూరు, కావలి కాలనీల్లో ‘కుక్క ఉంది జాగ్రత్త’ బోర్డు లేని గేటు తక్కువ. లోపల చూస్తే కారు షెడ్డు స్తంభానికి మూడడుగుల గొలుసు, దానికో కుక్క. పైన రేకులు, కింద సిమెంటు గచ్చు. పొద్దున నీడగా ఉన్న చోటికే పన్నెండు కాకముందే ఎండ వస్తుంది. స్టీలు గిన్నెలో పోసిన నీళ్లు గొలుసు తగిలి బోర్లాపడతాయి, పడకుంటే చెయ్యి పెట్టలేనంత కాగుతాయి.

కుక్కకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు. నాలుక చాపి రొప్పుతూనే వేడి దించుకోవాలి. కోస్తా ఉక్కపోతలో గాలే తేమతో నిండి ఉంటుంది కాబట్టి ఆ రొప్పుడూ సరిగా పనిచెయ్యదు. పగ్ లాంటి చప్పిడి ముక్కువాటికి మరీ కష్టం. రోహిణి కార్తె ఉన్న ఊరికి మంచు దేశాల కుక్క హస్కీని తెచ్చుకోవడం ఏం సరదానో!

మామూలుగా 101 నుంచి 102.5 డిగ్రీల ఫారన్‌హీట్ ఉండే ఒళ్లు 104 దాటితే గండమే. చొంగ తీగలు సాగుతూ, చిగుళ్లు ఎర్రబడి, కుక్క తూలుతుంటే వెంటనే నీడకు చేర్చి పొట్ట, తొడల సందులు, పాదాలు తడుపుతూ ఫ్యాను పెట్టాలి. మేడ మీద ట్యాంకు నీళ్లు ఆ వేళకు కాగి ఉంటాయి, బిందెలో నీళ్లు వాడండి. తడిగుడ్డ కప్పి వదిలేస్తే వేడి లోపలే చిక్కుకుంటుంది. నోట్లో బలవంతంగా పోస్తే నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. 103కి దిగాక తడపడం ఆపి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి.

కట్టక తప్పదంటే రెండు స్తంభాల మధ్య పదిహేను అడుగుల జీఐ (జింకు పూత ఇనుప) తీగ లాగి, రింగు వేసి, గొలుసు దానికి తగిలించండి. నీడ ఎటు జరిగితే కుక్క అటు జరుగుతుంది. ప్రహరీకి దగ్గరగా మాత్రం వద్దు, అవతలికి దూకితే ఉరి పడుతుంది. మెడపట్టీ కింద రెండు వేళ్లు దూరాలి. నీళ్లకు బరువైన మట్టి తొట్టి మేలు; పది కిలోల కుక్కకు రోజుకు అర లీటరు పైనే కావాలి, వేసవిలో ఇంకా ఎక్కువ. రెండు పూటలా అరగంట తిప్పాలి, అదీ ఉదయం ఆరులోపు, రాత్రి ఏడు దాటాక. తారు మీద మీ చెయ్యి అయిదు సెకన్లు ఆనకపోతే దాని పాదాలూ కాలుతాయి.

పిడుదులు పట్టాయని చేలకు కొట్టే పురుగుమందు పూసేవాళ్లున్నారు. కుక్క ఒళ్లు నాక్కుంటుంది. ఇక వాంతులు, వణుకు, ఫిట్సు, ఒక్కోసారి చావు.

మరీ పొట్టి, మరీ బరువైన గొలుసుతో గంటల తరబడి కట్టెయ్యడం, కట్టేసిన కుక్కను తిప్పకపోవడం 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం 11వ సెక్షన్ కింద నేరాలు. మొదటి తప్పుకు జరిమానా 10 నుంచి 50 రూపాయలు! పకోడీ పొట్లం కూడా రాని ఆ డబ్బుకు ఎవరు భయపడతారు? కాబట్టి పురపాలక సంఘాలు కుక్క లైసెన్సుకు రేబిస్ టీకా కాగితంతోపాటు దాన్ని కట్టేసే చోటు ఫోటో కూడా అడగాలి, అదీ మధ్యాహ్నం పన్నెండు గంటలకు తీసింది.

– ఓ పశువైద్యుడు, కావలి