ఆ పవర్ బ్యాంకులు ఇక అద్దెకివ్వను

వంజంగి, లంబసింగి వెళ్లేవాళ్లు మా దగ్గర టెంట్లతో పాటు పవర్ బ్యాంకులు కూడా తీసుకెళ్తుంటారు. ఈసారి వాటికి అడ్వాన్స్ కట్టినవాళ్లకు ఒక విషయం సూటిగా చెప్పాలి. కొత్తగా వచ్చిన సరుకంతా పక్కన పెట్టేశాను. మీ అడ్వాన్స్ పూర్తిగా వెనక్కి ఇస్తాను.

సప్లయర్ డబ్బా మీద 20,000 ఎంఏహెచ్ (ఎంత చార్జ్ పడుతుందో చెప్పే అంకె) అని వేసి పంపాడు. నిజానికి ఆ అంకె లోపలి బ్యాటరీ సెల్‌కి, 3.7 వోల్టుల దగ్గర వేసిన లెక్క. ఫోన్‌కి 5 వోల్టులుగా మార్చి ఇచ్చేటప్పుడు ఆ అంకె తగ్గుతుంది, పైగా కొంత వేడిగా పోతుంది కాబట్టి మనకు అందేది 12, 13 వేలే. మంచి కంపెనీదైనా అంతే, దాన్ని మోసం అనను. కానీ వీటికి చార్జ్ కొలిచే మీటర్ పెడితే ఆరు వేలు కూడా రాలేదు! వస్తువుల నాణ్యతా ప్రమాణాలు చూసే ప్రభుత్వ సంస్థ బీఐఎస్ వాళ్ల కేర్ యాప్‌లో, వీటి మీదున్న ఆర్-నంబర్ (రిజిస్ట్రేషన్ నంబర్) కొడితే వేరే కంపెనీ పేరు వచ్చింది. నిలదీస్తే, "అద్దెకిచ్చేవే కదండీ, కస్టమర్ మీటర్ పెట్టి చూస్తాడా?" అన్నాడు. ఆ మాట నాకింకా మింగుడుపడటం లేదు. చీకట్లో కొండెక్కేవాళ్లు నన్ను నమ్మి తీసుకెళ్తారు, వాణ్ణి చూసి కాదు. పైగా రాత్రంతా టెంట్‌లో మీ తల పక్కన ఉండే వస్తువది.

సీజన్ నడుమ ఏం చెయ్యాలో తేలక నిద్రపట్టలేదు. బదులుగా మడతపెట్టే సోలార్ ప్యానెళ్లు ఇమ్మని చాలామంది సలహా ఇచ్చారు. అద్దె కూడా ఎక్కువే వస్తుంది. అయినా ఒప్పుకోలేదు. వంజంగి వెళ్లేదే మబ్బులు చూడటానికి. ఆ మంచులో ప్యానెల్ ఏం చార్జ్ చేస్తుంది? ఎండ గట్టిపడేసరికి మీరు కిందికి దిగిపోతారు. బ్యాగుకి తగిలించుకుని నడిచినా, చెట్టు నీడ ఒక మూల పడితే చాలు, మొత్తం ప్యానెల్ పవర్ పడిపోతుంది. పనికిరాదని తెలిసి మీ చేతిలో పెట్టలేను.

పవర్ బ్యాంకులకే వేరేచోట ఆర్డర్ పెట్టాను. అద్దె కొంచెం పెరుగుతుంది, తప్పదు. ప్రతిదానికీ మీటర్‌లో వచ్చిన అంకె రాసి అతికిస్తాను. లంబసింగి చలికి బ్యాటరీ త్వరగా డౌన్ అవుతుంది కాబట్టి రాత్రి స్లీపింగ్ బ్యాగ్‌లో పెట్టుకోండి, సిగ్నల్ లేనిచోట ఫోన్ ఫ్లైట్ మోడ్‌లో ఉంచండి.

ఆ సప్లయర్ ఇప్పుడు సగం ధరకే ఇస్తానంటున్నాడు. ఊరికే ఇచ్చినా నాకొద్దు. కొత్తవి వచ్చేదాకా మీ సొంత పవర్ బ్యాంకు ఉంటే బయల్దేరే ముందురోజు షాపులో ఇవ్వండి. ఎంత ఇస్తుందో చూసి చెప్తాను, డబ్బులేమీ తీసుకోను.