మా పన్ను డబ్బు యుద్ధానికి వద్దు: మా కాంగ్రెస్ సభ్యులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన అమెరికా కాంగ్రెస్ సభ్యులు గారికి,

పెన్సిల్వేనియాలో మీ నియోజకవర్గానికి చెందిన ఒక క్వేకర్ ఓటరు నమస్కరించి రాసుకుంటున్న విన్నపం. యుద్ధం వద్దనే క్రైస్తవ శాఖ మాది.

శాంతి పన్ను నిధి బిల్లు గురించి మా మీటింగ్ (మా క్వేకర్ ప్రార్థన సంఘం) పంపిన ఉత్తరాలన్నిటికీ మీ ఆఫీసు నుంచి ఒకటే జవాబు: "మీ అభిప్రాయం తెలిపినందుకు ధన్యవాదాలు." మొన్న వచ్చిన దాంట్లో బిల్లు పేరు కూడా లేదు. ఇంగ్లీషులో రాసి రాసి విసిగి, ఇప్పుడు నా భాషలో నలుగురూ చదివేలా రాస్తున్నాను. ఇక్కడ పన్ను కట్టే తెలుగువాళ్లకూ ఈ సంగతి తెలియాలి.

మేం పన్ను ఎగ్గొడతామనడం లేదండీ. ఈ మాట ఇంకెన్నిసార్లు చెప్పుకోవాలి? సెంటు కూడా తగ్గించకుండా కడతాం. ఆ డబ్బును సైన్యానికి కాకుండా మిగతా పనులకే వాడే నిధిలో వెయ్యమంటున్నాం, అంతే. 1972లో కాంగ్రెస్ సభ్యుడు రోనాల్డ్ డెల్లమ్స్ తొలిసారి పెట్టిన బిల్లు ఇది. తర్వాత మరో సభ్యుడు జాన్ లూయిస్ ఏళ్ల తరబడి దాన్ని భుజాన వేసుకున్నారు. ఇద్దరూ పోయారు. బిల్లు మాత్రం సభలో ఓటింగు దాకా రానే లేదు.

ఆయుధం పట్టలేమన్నవాళ్లకు 1940 నాటి చట్టం వేరే సేవ చూపించింది. వాళ్లు అడవుల్లో మంటలార్పారు, మానసిక వైద్యశాలల్లో రోగులను చూసుకున్నారు. 1973లో నిర్బంధ సైనిక భర్తీ ఆగిపోయింది. ఇప్పుడు యుద్ధానికి మా ఒళ్లు అక్కర్లేదు, మా జీతం కావాలి. అప్పుడు గౌరవించిన మనస్సాక్షిని జీతం దగ్గరకొచ్చేసరికి ఎందుకు పట్టించుకోరు?

మా మీటింగ్‌లో ఒక పెద్దావిడ సైన్యానికి పోయే వాటా ఆపి, అంత డబ్బూ ఫుడ్ బ్యాంకుకు ఇస్తారు. కొన్నాళ్లకు నోటీసు వస్తుంది. తర్వాత వడ్డీ, ఆపైన జరిమానా, చివరికి ఆవిడ బ్యాంకు ఖాతాలోంచే లాగేసుకుంటారు. అంటే రెండుసార్లు కట్టినట్టు. ఇంకొకాయన పన్ను పడనంత తక్కువ ఆదాయంతోనే బతకాలని మంచి ఉద్యోగం వదిలేశారు. పిల్లలున్నవాళ్లు అలా ఎలా వదులుకుంటారు, చెప్పండి? నాలాంటివాళ్లం ప్రతి ఏప్రిల్‌లోనూ కడుపులో బాధ పెట్టుకునే కట్టేస్తున్నాం.

ఇది నిన్నమొన్నటి పేచీ కాదు. ఇదే పెన్సిల్వేనియాలో 1755లో జాన్ వూల్మన్, ఆయన తోటివాళ్లు యుద్ధ పన్ను కట్టలేమని సాటి క్వేకర్లకు లేఖ రాశారు. ఇలాంటి పన్ను బాకీలను ఉద్యోగుల జీతాల్లోంచి కోసి ఇవ్వడానికి ఒప్పుకోనందుకు ఈ ప్రాంతపు క్వేకర్ మీటింగ్‌లన్నిటి ఉమ్మడి సంస్థ ఫిలడెల్ఫియా ఇయర్లీ మీటింగ్ మీదే ప్రభుత్వం కోర్టుకెళ్లింది. 1990లో ఆ డబ్బు కట్టాల్సిందేనని తీర్పొచ్చింది. కోర్టులో దారి మూసుకుపోయింది కాబట్టే మీ గుమ్మం దగ్గర నిలబడ్డాం.

టౌన్‌హాల్ సమావేశంలో మీరు మా శాంతి పనిని మెచ్చుకున్నారు. క్వేకర్ సంస్థలకొచ్చిన 1947 నోబెల్ శాంతి బహుమతిని కూడా గుర్తు చేశారు, సంతోషం. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత జర్మనీ పిల్లల ఆకలి తీర్చింది మావాళ్లే. హింస లేకుండా గొడవలు తీర్చుకోవడం నేర్పే శిబిరాలు 1975 నుంచి జైళ్లలో నడుస్తున్నాయి, వాటిని మొదలుపెట్టిందీ క్వేకర్లే. ఆ పని ఎవరూ మెచ్చుకోకపోయినా చేస్తాం. కానీ ఒక చేత్తో ఆకలిగొన్న బిడ్డకు అన్నం పెట్టి, రెండో చేత్తో బాంబుకు డబ్బు కట్టమంటే మా వల్ల కావడం లేదండీ.

దయచేసి బిల్లుకు సహ ప్రతిపాదకులుగా చేరండి. కుదరదంటే ఎందుకు కుదరదో మీ సొంత మాటల్లో రాయండి. ఒక ఆదివారం మా మీటింగ్‌కు వచ్చి, ఆ పెద్దావిడతో పది నిమిషాలు మాట్లాడండి. ధన్యవాదాల ఉత్తరం మాత్రం ఇక పంపకండి.

ఇట్లు,
మీ నియోజకవర్గపు క్వేకర్ ఓటరు