డాక్టరు నీ మాట వినడం లేదనిపిస్తే

చిరంజీవి అమ్మలుకు అమ్మ ఆశీస్సులు.

నిన్న ఫోనులో రెండు మాటలన్నావు. "కాళ్ళు ఒకచోట నిలవట్లేదు డాక్టర్‌గారూ అంటే, అది నీ ఆందోళనేనమ్మా అని డోసు పెంచారు" అన్నావు. వెంటనే "ఇంక ఆ మాత్రలు మానేస్తా" అన్నావు. మొదటిది ఆయనకి మళ్ళీ చెప్పాలి, వేరే రకంగా చెప్పాలి. రెండోది మాత్రం చెయ్యకు. ఫోనులో అయితే సగం చెప్పి సగం మర్చిపోతాం, అందుకే రాస్తున్నాను.

ముందు మానెయ్యడం సంగతి. ఎస్సిటాలోప్రామ్ లాంటి దిగులు (డిప్రెషన్) మందు ఉన్నట్టుండి ఆపేస్తే రెండు మూడు రోజుల్లో తల తిరగడం, తలలో కరెంటు కొట్టినట్టు జిల్లుమనడం, పిచ్చి కలలు, ఊరికే ఏడుపు, చిరాకు మొదలవుతాయి. పరాక్సిటిన్, వెన్లాఫాక్సిన్ అనే దిగులు మందులు శరీరంలోంచి త్వరగా పోతాయి కాబట్టి వాటితో ఇంకా ఎక్కువ. ఇబ్బంది ఒక్కటే కాదు. ఆ లక్షణాలు చూసి డాక్టరు "జబ్బు తిరగబెట్టింది" అనుకునే అవకాశం ఉంది, అప్పుడు నీ మాటకి విలువ ఇంకా తగ్గుతుంది. జబ్బు తిరగబెడితే సాధారణంగా వారాల మీద మెల్లగా వస్తుంది. మందు ఆపినందువల్ల వచ్చేది రోజుల్లో వస్తుంది, తల తిరుగుడు లాంటి ఒంటి బాధలతో వస్తుంది, మళ్ళీ మాత్ర వేసుకుంటే చాలా వరకు త్వరగానే సర్దుకుంటుంది. ఇక క్లోనజిపామ్ లాంటి నిద్ర, ఆందోళన మాత్రలు ఎక్కువకాలం వాడి ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ కూడా రావచ్చు. ఏ మందైనా తగ్గించుకుంటూ రావాలి, అదీ ఎలా తగ్గించాలో డాక్టరు చేత రాయించుకుని.

ఇప్పుడు నీ కాళ్ళ సంగతి. నీకు దిగులు మందుకి తోడుగా అరిపిప్రజోల్ అనే యాంటీసైకోటిక్ మందు కలిపాక మొదలైంది కదా. ఈ జాతి మందులతో అకతీసియా అనే సైడ్ ఎఫెక్టు వస్తుందని సైకియాట్రీలో అందరికీ తెలుసు. మొదలుపెట్టినప్పుడో, డోసు పెంచినప్పుడో, కొన్ని రోజుల నుంచి కొన్ని వారాల లోపల వస్తుంది. కూర్చుంటే లేవాలనిపిస్తుంది, నిలబడితే ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి మారుతూ ఉంటావు, నడిస్తే కాస్త నయం. ఆందోళనకీ దీనికీ తేడా ఉంది. ఆందోళనలో ఏదో ఒక ఆలోచన లోపల తిరుగుతూ ఉంటుంది. ఇందులో మనసులో ఏ భయమూ లేకపోయినా ఒళ్ళే తరుముతుంది. పైకి చూసేవాళ్ళకి రెండూ ఒకేలా కనిపిస్తాయి. నీ కేసు షీటు మీద ముందే "ఆందోళన" అని రాసి ఉంటే, నువ్వు "స్థిమితంగా లేదు" అన్నా, "రెస్ట్‌లెస్‌గా ఉంది" అన్నా ఆ మాట పోయి ఆందోళన ఖాతాలోనే పడుతుంది. దాంతో డోసు పెరుగుతుంది, డోసుతో పాటు ఇదీ పెరుగుతుంది. ఇది తట్టుకోవడం కష్టం, చచ్చిపోవాలన్న ఆలోచనలు కూడా తెప్పించగలదు. అందుకే దీన్ని నేను చిన్న విషయంగా తీసుకోవడం లేదు.

కాబట్టి ఈసారి వెళ్ళినప్పుడు పేరు పెట్టి అడుగు: "డాక్టర్‌గారూ, ఇది అకతీసియా కావచ్చా? కాదనుకుంటే ఎందుకు కాదో చెప్తారా?" ఈ రెండో ప్రశ్న ముఖ్యం. ఆయన కాదని ఊరుకోలేరు, కారణం వెతుక్కోవాల్సి వస్తుంది. దీన్ని కొలవడానికి బార్న్స్ స్కేలు అని ఒకటుంది. మనిషిని కనీసం రెండు నిమిషాలు కూర్చోబెట్టి, రెండు నిమిషాలు నిలబెట్టి మాట్లాడిస్తూ కాళ్ళు గమనిస్తారు. "ఒకసారి అలా చూస్తారా" అని అడగడంలో తప్పేం లేదు. అదేనని తేలితే డోసు తగ్గించడమో, మందు మార్చడమో, ప్రొప్రనలాల్ (గుండె వేగం తగ్గించే మందు) లాంటిది ఇవ్వడమో చేస్తారు. ఉబ్బసం ఉన్నవాళ్ళకి ప్రొప్రనలాల్ పనికిరాదు, చిన్నప్పుడెప్పుడో వచ్చి తగ్గినా సరే ఆ మాట ముందే చెప్పాలి. డోసు తగ్గించిన మర్నాటికే నయమవుతుందని చూడకు. అరిపిప్రజోల్ శరీరంలో సగానికి తగ్గడానికే మూడు రోజులు పైన పడుతుంది.

పది పదిహేను నిమిషాల్లో ఇదంతా నోటితో చెప్పలేవు. అరపేజీ కాగితం రాసుకెళ్ళు, రెండు ప్రతులు. పైన మందు పేరు, ఎన్ని మిల్లీగ్రాములు, ఏ తేదీన మొదలైంది, ఏ తేదీన పెరిగింది. దాని కిందే లక్షణం ఏ తేదీన మొదలైంది. ఆ తేదీలు పక్కపక్కన కనబడితే సగం వాదన అక్కడే తేలిపోతుంది. తర్వాత అది నీ పనుల్ని ఎలా చెడగొడుతోందో రాయి. "చాలా ఇబ్బందిగా ఉంది" అని కాదు. "భోజనానికి కూర్చుంటే మధ్యలో లేవాల్సి వస్తోంది, ఆఫీసు మీటింగులో పది నిమిషాలు కూర్చోలేను, రాత్రి పడుకున్నాక లేచి గదిలో తిరుగుతున్నాను" అని. చివర్లో నువ్వు అడగదలచుకున్నది ఒకే ఒక్క ప్రశ్న. కూర్చోగానే మొదటి నిమిషంలోనే కాగితం చేతికివ్వు. అసలు సంగతి లేచి వచ్చేటప్పుడు తలుపు దగ్గర చెప్తే ఎంత మంచి డాక్టరైనా "వచ్చేసారి చూద్దాం" అనే అంటారు.

దిగులు తగ్గిందా లేదా అన్నదానికి పీహెచ్‌క్యూ-9 అనే ప్రశ్నల పట్టిక వాడు. తొమ్మిది ప్రశ్నలు, గత రెండు వారాల గురించి, ఒక్కోదానికి 0 నుంచి 3, మొత్తం 27. రెండు వారాలకోసారి నింపి తేదీ వెయ్యి. "తగ్గలేదండీ" అనే కంటే "17 ఉండేది, ఆరు వారాలైనా 16 దగ్గరే ఉంది" అంటే కాదనడం కష్టం.

ఒకటి మాత్రం న్యాయంగా చెప్పాలి. నువ్వడిగింది ఒప్పుకోకపోవడం వేరు, వినకపోవడం వేరు. దిగులు మందు పనిచేస్తుందో లేదో తేలడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. వికారం, తలనొప్పి చాలామందికి మొదటి ఒకటి రెండు వారాల్లో తగ్గిపోతాయి. అలాంటివాటికి "ఆగుదాం" అనడం సరైన సలహానే. బరువు పెరగడం, దాంపత్య సంబంధమైన ఇబ్బందులు అలా ఊరికే తగ్గేవి కావు. వాటికీ "ఆగుదాం" అంటే, "ఎన్నాళ్ళు ఆగుదాం? అప్పటికీ తగ్గకపోతే ఏం చేద్దాం?" అని అడుగు. తేదీ, తర్వాతి అడుగు చెప్పిన డాక్టరు నీ మాట విన్నట్టే. రెండూ చెప్పకుండా కొట్టిపారేస్తే, గొంతు పెంచకుండా "నేనీ విషయం చెప్పినట్టు, మీరు వద్దన్న కారణంతో సహా నా రికార్డులో రాయండి" అని అడుగు. రాయాల్సి వస్తే ఎవరైనా ఇంకోసారి ఆలోచిస్తారు. రేపు నిన్ను చూసే డాక్టరుకీ అది కనిపిస్తుంది.

ఆయన అడగకపోయినా నువ్వే చెప్పాల్సినవి కొన్నున్నాయి. ఎప్పుడైనా నాలుగైదు రోజులు సరిగా నిద్రపోకపోయినా అలుపు లేకుండా, మామూలుకి మించిన హుషారుగా గడిచిందా, రక్తసంబంధీకుల్లో ఎవరికైనా బైపోలార్ (కొన్నాళ్ళు దిగులు, కొన్నాళ్ళు అతి హుషారు ఉండే జబ్బు) ఉందా అన్నవి మందు ఎంపికనే మార్చేస్తాయి. బైపోలార్ ఉన్న మనిషికి దిగులు మందు ఒక్కటే ఇస్తే ఉన్మాద దశలోకి వెళ్ళే ప్రమాదం ఉంది. థైరాయిడ్, బి12, హిమోగ్లోబిన్ ఈ మధ్య చూడకపోతే ఆ పరీక్షలు అడుగు. నీరసం, దిగులు వాటివల్ల కూడా వస్తాయి.

కొన్నింటికి అపాయింట్‌మెంట్ కోసం ఆగకూడదు. చచ్చిపోవాలన్న ఆలోచన వచ్చినా, విపరీతమైన జ్వరంతో ఒళ్ళు బిగుసుకుపోయి అయోమయంగా ఉన్నా, సరాసరి ఎమర్జెన్సీకి వెళ్ళు, నాకు అర్ధరాత్రైనా ఫోను చెయ్యి.

ఇంత చేశాక కూడా రెండుసార్లు అదే మాట కొట్టిపారేసినా, ఏ జబ్బని అనుకుంటున్నారో చెప్పకపోయినా, నిన్ను వెక్కిరించినా, డాక్టర్ని మార్చు. మొహమాటపడకు. కొత్తవాళ్ళ దగ్గర తేదీ ఖాయమయ్యేదాకా పాతచోటు వదలకు, కనీసం రెండు వారాలకి సరిపడా మాత్రలు దగ్గరుంచుకో. ఇంతవరకు వాడిన ప్రతి మందూ ఎంత డోసు, ఎన్నాళ్ళు, ఎందుకు ఆపారో ఒక పట్టికగా రాసుకో, రిపోర్టుల నకళ్ళు తీసుకో. అక్కడ కూర్చోగానే పాత డాక్టరు మీద ఫిర్యాదుతో మొదలుపెట్టకు. ముందు నీ లక్షణాలు, తేదీలు చెప్పు.

ఈసారి నన్ను తోడు రమ్మంటే వస్తాను. వస్తే నేను చేసేది రెండే పనులు. ఆయన చెప్పింది రాసుకోవడం, నేను కళ్ళతో చూసింది అడిగితే చెప్పడం. నీ లోపల ఎలా ఉందో నువ్వే చెప్పాలి. ఆయన నిన్ను వదిలేసి నాతో మాట్లాడితే నేను నీ వైపు చూస్తాను, నువ్వే అందుకో. ఆదివారంలోగా ఆ అరపేజీ రాసి ఫొటో తీసి పంపు, తేదీలు ఇద్దరం కలిసి సరిచూద్దాం.

అమ్మ