ఈ నెల బోర్డు మీద నంబర్: 38,16,54,729

తల్లిదండ్రులందరికీ నమస్కారమండి.

యూనిఫాం, బస్ టైమింగ్స్ సంగతి డైరీలో రాసి పంపించాం కాబట్టి అది వదిలేద్దాం. పిల్లలు ఇంటికొచ్చి ముప్పై ఎనిమిది కోట్ల పదహారు లక్షలు అని ఏదో లెక్క చెప్తుంటే కంగారు పడకండి, లాటరీ ఏం కాదు, వరండా బోర్డు మీద నేను రాసిన నంబరే అది.

దాంట్లో 1 నుంచి 9 దాకా ప్రతి అంకె ఒక్కసారే ఉంటుంది. ఎడమ నుంచి రెండంకెలు తీసుకుంటే 38, అది 2తో పోతుంది. మూడు తీసుకుంటే 381, 3తో పోతుంది. 3816 అయితే 4తో, 38165 అయితే 5తో, అలా మొత్తం తొమ్మిదంకెలూ 9తో పోయేదాకా ఎక్కడా శేషం రాదు. చివర సున్నా పెడితే 10తో కూడా పోతుంది, అది బోనస్ అనుకోండి.

నిజం చెప్పాలంటే మొదటి రోజు నేనే తప్పు రాశాను, చివర్లో 7, 2 అటూ ఇటూ అయిపోయాయి. లంచ్ బెల్‌కి సిక్స్త్ క్లాస్ పాప ఒకమ్మాయి స్కేల్‌తో కుడివైపు అంకెలు మూసుకుంటూ చూసి "సార్, ఏడు దగ్గర రెండు మిగులుతోంది" అంది. 3816542ని 7తో భాగించి చూశా, నిజంగానే 2 మిగిలింది! 8కీ పోదు, చివర బేసి అంకె ఉంది కదా. 9కి మాత్రం పోయింది, ఎందుకంటే ఈ తొమ్మిదంకెల్ని ఏ వరసలో రాసినా మొత్తం 45యే.

అన్ని వరసలూ కలిపితే 3,62,880 ఉంటాయి, వాటిలో ఈ రూల్‌కి నిలబడేది ఇదొక్కటే. అన్నీ చూడక్కర్లేదులెండి, అయిదో చోట 5 తప్ప ఇంకోటి కుదరదు, 2, 4, 6, 8 స్థానాల్లో సరి అంకెలే రావాలి, మూడో అంకె బేసి కాబట్టి 4తో పోవాలంటే నాలుగో చోట 2 గానీ 6 గానీ ఉండాలి, ఇలా 3, 6, 8 రూల్స్ కూడా పెట్టి వడపోస్తే పది నంబర్లు మిగులుతాయి. ఆ పదింట్లో తొమ్మిదింటిని 7 ఒక్కటే కొట్టేస్తుంది. పిల్లలు బట్టీ పట్టి మర్చిపోయే భాజనీయతా సూత్రాలన్నీ దీంట్లో పనికొస్తాయి, నాకు నచ్చింది అదే.

ఒక రిక్వెస్ట్ అండి, ఇంట్లో అడిగితే ఫోన్‌లో క్యాలిక్యులేటర్ తీసి ఇవ్వొద్దు, పాత నోట్‌బుక్ ఒకటి ఇచ్చి ఏడో ఎక్కం అప్పజెప్పించుకోండి చాలు. దీనికి మార్కులు లేవు, ఎన్ని వచ్చాయని అడక్కండి.

బోర్డు తుడవొద్దని ఆయమ్మకి చెప్పాను. శనివారం పేరెంట్స్ మీటింగ్‌కి వచ్చినప్పుడు మీరూ ఒకసారి చూడండి, చాక్‌పీస్ పక్కనే పెట్టి ఉంటుంది.

మీ హెడ్‌మాస్టర్