మా నాయన మళ్లీ నోటితో తింటున్నాడు, అందరికీ దండాలు

కోవూరు కాడ హైవే మీద యాక్సిడెంట్ అయిన కాణ్ణించి ఫోన్లు చేసిన వాళ్లకి, నెల్లూరు ఆస్పత్రికి వచ్చి చూసిపోయిన వాళ్లకి అందరికీ థ్యాంక్స్. తలకి దెబ్బ, వెంటిలేటరు, ఊపిరి ఆడేదానికి మెడకి రంధ్రం చేసి (ట్రెకియాస్టమీ అంటారు) గొట్టం పెట్టడం ఇదంతా మీకు తెలిసిందే. ఆ తర్వాత మింగుడు పడక ఎంత అవస్థ పడ్డామో చాలామందికి తెలీదు.

ఊపిరి కుదురుకుంది కదా, రెండు గుక్కలు నీళ్లు పొయ్యండబ్బా అని వచ్చినోళ్లంతా అనేవాళ్లే, మా మేనత్త అయితే గ్లాసు నోటి దాకా తెచ్చేసింది. నైట్ డ్యూటీ సిస్టరమ్మ ఉరుక్కుంటా వచ్చి ఆపింది. అన్నిటికన్నా నీళ్లే ప్రమాదమమ్మా, గొంతు మూసుకునే లోపలే జారి ఊపిరితిత్తుల్లోకి పోతాయి, నిమోనియా వస్తది అనింది. ఆ తల్లికి మొదటి దండం.

రెండోది స్పీచ్ థెరపిస్ట్ మేడమ్‌కి. వాళ్లు మాటలకే అనుకున్నాం, మింగడం నేర్పేదీ వాళ్లేనంట! గొట్టం చుట్టూ కఫ్ అని గాలి బెలూన్ ఉంటది, అది ఉబ్బి ఉంటే వెనకున్న అన్నవాహిక మీద ఒత్తిడి పడొచ్చు, మింగేటప్పుడు గొంతుముడి సరిగా పైకి లేవదు, గాలంతా మెడలోంచే పోతుంటే వాసన తెలీదు, గట్టిగా దగ్గనూ లేరు. కొందరికైతే దగ్గు రాకుండానే తిన్నది ఊపిరితిత్తుల్లోకి పోతదంట, అదింకా భయం.

డాక్టరు సరే అన్నాక కఫ్‌లో గాలి తీసేసి, పెరుగులో నీలం రంగు కలిపి చెంచా కొసన కాస్త పెట్టింది, వేళ్లు నాయన గొంతుముడి మీద ఆనించి లేస్తుందా లేదా చూసి, తర్వాత గొట్టంలో సక్షన్ వేసింది, అంటే మిషనుతో లోపలున్నది పైకి లాగింది. పైపులో నీలం కనపడింది, అంటే పెరుగు ఊపిరిగొట్టంలోకి పోయిందన్నమాట. అమ్మ ఏడుపు, మేడమ్ మాత్రం తొణకలా, ఇంకా టైముంది పెద్దాయనా అనేసి మర్నాటి నుంచి మళ్లీ ఎక్సర్‌సైజులు మొదలుపెట్టించింది. తర్వాత ముక్కులోంచి కెమెరా వేసి చూసి చిక్కటి రాగిజావ మొదలుపెట్టారు, నిటారుగా కూర్చోబెట్టి, గడ్డం కిందికి వంచి, ఒక చెంచా పూర్తిగా దిగాకే ఇంకో చెంచా, తిన్నాక అరగంట పడుకోనీకుండా. ఇది మా నాయనకి కుదిరిన పద్ధతి, మీవాళ్లకి ఏది అనేది పరీక్ష చేసినోళ్లే చెప్పాలి. రోజూ పొద్దున్నే ఆ జావ కాచి బుచ్చిరెడ్డిపాళెం నుంచి బస్సులో పంపిన పక్కింటి అక్కా, నీ రుణం తీరేది కాదు.

మెడలో గొట్టం తీసేశారు, రంధ్రం పూడిపోయింది. ఇప్పుడు మెత్తగా పిసికిన అన్నంలో ముళ్లు తీసిన చేపల పులుసు, అందులో మామిడికాయ ముక్క ఏదని బొంగురు గొంతుతో అమ్మ మీద కేకలు.

ఇంటికోసం కొన్న సక్షన్ మిషను ఊరికే ఉంది, బాగా పనిచేస్తది. నెల్లూరు చుట్టుపక్కల ఎవరికన్నా అవసరమైతే మెసేజ్ పెట్టండి, డబ్బులొద్దు, కెథటర్లు (లోపలికి వేసే సన్న గొట్టాలు) మాత్రం కొత్తవి కొనుక్కోండి.