పులిహోర డబ్బా ఇంట్లోనే ఉండిపోయింది

టూంగాబీ, సిడ్నీ
జనవరి 25

అమ్మమ్మా,

నీకు ఫోనులో సరిగా వినపడదు, వీడియోలో మాకు నీ నుదురూ పైన తిరిగే ఫ్యానూ తప్ప ఏమీ కనపడవు. అందుకని ఉత్తరమే రాస్తున్నాను. అక్షరాలు పెద్దవిగా రాశాను. కళ్ళజోడు పెట్టుకుని నువ్వే చదువుకో, మామయ్య చేత చదివించకు. మధ్యలో సొంత కవిత్వం కలుపుతాడు.

సంక్రాంతికి మెల్‌బోర్న్‌లో అక్కావాళ్ళింటికి వెళ్ళొచ్చాం. ఇక్కడ జనవరి అంటే మండు వేసవి, పిల్లలకి బడి సెలవులు. సెలవుల్లో నలుగురికి విమానం టిక్కెట్లు చూసి ఈయన కారులో పోదామన్నారు. దాదాపు 880 కిలోమీటర్లు. రాజమండ్రి నుంచి బెంగళూరు దాకా వెళ్ళినంత అనుకో. ఒక్క రోజులో పోవచ్చు, రోడ్డు అద్దంలా ఉంటుంది, దారంతా నూట పది మీద పోనిస్తారు.

రెండింటికి లేచి పులిహోర కలిపాను. చింతపండు ముందు రోజే ఉడికించి పెట్టుకున్నాను, పల్లీలు దండిగా వేశాను, ఇంగువ ఘాటుకి పెద్దాడు నిద్రలోంచి లేచొచ్చాడు. నా పెళ్ళికి నువ్విచ్చిన డబ్బా ఉంది చూడు, మూత మీద తాతయ్య పేరు చెక్కించినది, దాన్నిండా అదిమి పెట్టాను. ఇంకో గిన్నెలో దద్దోజనం. దద్దోజనం, నీళ్ళ సీసాలు ఐసు పెట్టెలో పెట్టి, పులిహోర డబ్బా చల్లారాలని వంటింటి గట్టు మీద ఉంచాను. "అది మీరు తీసుకురండి" అని ఈయనతో చెప్పాను. "అది నేను తెస్తాను" అని నేనే అన్నానని ఆయన అంటారు. ఈ గొడవ ఇంకా తేలలేదు.

నాలుగున్నరకి బయల్దేరాం. తెల్లారేసరికి గౌల్‌బర్న్ అనే ఊరొచ్చింది. అక్కడ రోడ్డు పక్కన 15 మీటర్ల సిమెంటు గొర్రె ఉంది. మెరినో గొర్రె పొట్టేలు, లోపల కొట్టు కూడా ఉంది. ఈ దేశం గొర్రె బొచ్చు మీద బతికిన దేశం కదా, గొర్రెకి గుడి కట్టినట్టే. చిన్నది దాని కాళ్ళ దగ్గర నిలబడి దణ్ణం పెట్టింది. నేనేమీ అనలేదు.

తొమ్మిదింటికి గండగాయ్ దగ్గర ఆగాం. అక్కడ చూడాల్సింది ఒక కుక్క విగ్రహం. పూర్వం ఈ దారిలో సామాన్లు ఎద్దుబళ్ళ మీద పోయేవట. బండి దిగబడిపోతే బండివాడు సాయం కోసం వెళ్ళేవాడు, కుక్క అతని అన్నం పెట్టె మీద కూర్చుని కాపలా కాసేదట. 1932లో దానికి విగ్రహం పెట్టారు. ఇప్పటికీ ఆ పెట్టె మీదే కూర్చుని ఉంది, చెవులు నిక్కించి. సరిగ్గా ఆ కుక్క ముందు దుప్పటి పరిచి, ప్లేట్లు పెట్టి, "పులిహోర తీయండి" అన్నాను.

ఈయన డిక్కీ చూశారు. సీట్ల కింద చూశారు. ఐసు పెట్టె రెండుసార్లు చూశారు. తరవాత నా వైపు చూశారు.

కుక్క తొంభై ఏళ్ళుగా అన్నం డబ్బా వదలకుండా కూర్చుంది, మనిషి ఇంటి గుమ్మం దాటేలోపు వదిలేశాడు అన్నాను. అనకుండా ఉండాల్సింది. తరవాత వంద కిలోమీటర్లు ఆయన రేడియోతో తప్ప ఎవరితోనూ మాట్లాడలేదు. దద్దోజనం పిల్లలకి సరిపోయింది. మేం పెట్రోలు బంకులో చల్లారిన బంగాళాదుంప వేపుడు ముక్కలు తిన్నాం. పులిహోర సంగతి అప్పటికప్పుడు పక్కింటావిడకి ఫోను చేసి చెప్పాను. కరివేపాకు చెట్టుకి నీళ్ళు పోస్తానని తాళాలు తీసుకుంది కదా, డబ్బా కూడా ఆవిడే తీసుకెళ్ళి తినేయమన్నాను. ఈ ఎండల్లో ఎనిమిది రోజులుంటే ఇల్లు ఖాళీ చేయాల్సొచ్చేది.

ఒకచోట మాత్రం బావుంది అమ్మమ్మా. సెలవు రోజుల్లో రోడ్డు పక్కన పెద్దవాళ్ళు బల్ల వేసుకుని కూర్చుంటారు. దూరాలు నడిపేవాళ్ళు కునుకు తీసి ప్రమాదాలు తెచ్చుకోకుండా ఉచితంగా టీ, బిస్కెట్లు ఇస్తారు. జీతం లేని పని. నీ వయసున్న ఒకావిడ ఈయన మొహం చూసి, ఏమర్థమైందో ఏమో, రెండు బిస్కెట్లు ఎక్కువ పెట్టింది. టీ అంటావా, వేడినీళ్ళకి టీ ఆకు చూపించినట్టుంది. ఆవిడ ముందు మాత్రం మొత్తం తాగేశాం.

హోల్‌బ్రూక్ అనే ఊళ్ళో పార్కులో జలాంతర్గామి ఉంది. సముద్రం వందల కిలోమీటర్ల అవతల! ఆ ఊరి పేరు పూర్వం జర్మన్‌టన్. మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మనీ పేరు వద్దనుకుని, 1915లో ఒక ఇంగ్లీషు జలాంతర్గామి కెప్టెన్ పేరు పెట్టుకున్నారు. తరవాతెప్పుడో నేవీవాళ్ళ పాత జలాంతర్గామి పైభాగం తెచ్చి గడ్డిలో నిలబెట్టారు. పెద్దాడు దాని మీదకెక్కి దిగనన్నాడు. అరగంట పోయింది.

మర్రే నది దాటి విక్టోరియాలో అడుగు పెట్టాక కారు ఏసీ ఆగిపోయింది. బయట 41 డిగ్రీలు. అద్దాలు దింపితే పొయ్యి ముందు కూర్చున్నట్టు గాలి. తువాళ్ళు తడిపి పిల్లల నెత్తి మీద వేశాను. "అమ్మా, మనల్ని ఇడ్లీల్లాగ పెట్టారా?" అంది చిన్నది. అప్పుడు నవ్వారు ఈయన, గండగాయ్ తరవాత మొదటిసారి.

చేరేసరికి సాయంత్రం ఆరున్నర. అక్క పనసపొట్టు కూర చేసింది, డబ్బా పనసకాయతో. ఆవ మాత్రం అచ్చం నువ్వు పెట్టినట్టే ముక్కుకెక్కింది. గుత్తివంకాయ, ముక్కల పులుసు, అప్పడాలు. బావగారు వడ్డిస్తూ, "పులిహోర తెస్తారని నేను చేయొద్దన్నాను" అన్నారు. ఎవరూ ఏమీ అనలేదు.

మర్నాడు భోగి. తెల్లవారుజామునే బావగారు ఫోను చూసి "ఇవాళ మంట నిషేధం" అన్నారు. ఎండ, గాలి ఎక్కువున్న రోజు రాష్ట్రమంతా గానీ కొన్ని ప్రాంతాల్లో గానీ ఆరుబయట నిప్పు పెట్టకూడదని ప్రకటిస్తారు. పెడితే పెద్ద జరిమానా, జైలు కూడా. ఎండు గడ్డి అంటుకుంటే ఊళ్ళే పోతాయి, వాళ్ళ భయం నిజమే. కానీ పిల్లలు రాత్రంతా కూర్చుని అట్టముక్కలు గుండ్రంగా కోసి, గోధుమరంగు పూసి, మధ్యలో చిల్లులు పెట్టి దారానికి గుచ్చి పిడకల దండ చేశారు! పదకొండు పిడకలు. చిన్నది దాని పిడక మీద అయిదు వేళ్ళ అచ్చు కూడా వేసింది, నువ్వు గోడకి కొట్టేటప్పుడు పడేట్టు. నేను చెప్పిన సంగతే, అది గుర్తుపెట్టుకుంది.

ఇంక ఏం చేస్తాం, వంటింట్లో పొయ్యి పక్కన ఇత్తడి పళ్ళెంలో కర్పూరం వెలిగించి, పిల్లలు తలా ఒక పిడక వేశారు. అట్ట కదా, మంట కంటే పొగ ఎక్కువ. ఇంటి పైకప్పుకి పొగ గంట ఉంటుంది, అది మొదలెట్టింది అరుపు. బావగారు పంచె ఎగ్గట్టి కుర్చీ ఎక్కి తువాలుతో విసురుతుంటే, ఎదురింటాయన నిక్కరుతో పరుగెత్తుకొచ్చి తలుపు కొట్టాడు. లోపలికొచ్చి చూశాడు: కుర్చీ మీద బావగారు, కింద దండం పెడుతున్న పిల్లలు. "హ్యాపీ న్యూ ఇయర్" అని వెళ్ళిపోయాడు.

సాయంత్రం అక్కావాళ్ళ బుడ్డోడికి భోగిపళ్ళు. రేగిపళ్ళు ఇక్కడ దొరకవు. ఇది చెర్రీల కాలం, ఎర్రగా గుండ్రంగా ఉన్నాయి కదా అని అవే పోద్దామన్నాం. గింజ మింగుతాడేమోనని అక్క ప్రతి చెర్రీ గింజ తీసి రెండు చెక్కలు చేసింది. ఆ చెక్కల రసం సంగతి ఎవరికీ తట్టలేదు. కొత్త ఇల్లు, మీగడ రంగు తివాచీ. పీట మీద వాడు, వాడి నెత్తిన చెర్రీలు, బంతిపూల రేకులు, పదకొండు అయిదు సెంట్ల బిళ్ళలు. వాడు ఒక్కసారి తల విదిలించాడు, అంతే. హత్య జరిగిన చోటులా అయింది అమ్మమ్మా.

తివాచీ తుడుస్తూ బిళ్ళలు ఏరితే పదే ఉన్నాయి. చెర్రీ గింజకి అంత భయపడిన అక్కకి బిళ్ళ మాట అప్పుడు గుర్తొచ్చింది. ముళ్ళపందిలాంటి ఎకిడ్నా బొమ్మున్న ఆ చిన్న బిళ్ళ కోసం సోఫాలు తిరగేశాం, నలుగురు పెద్దవాళ్ళం మోకాళ్ళ మీద పాకాం. వాడు మాత్రం మా మీదెక్కి గుర్రమాట ఆడాడు. అక్క ఏడుపు మొదలెట్టింది, ఈయన ఆసుపత్రికి బయల్దేరదామని తాళాలు తీశారు. తీరా వెళ్ళబోయే ముందు డైపరు మారుద్దామని విప్పితే నడుం మడతలో ఇరుక్కుని ఉంది! అక్క ఆ బిళ్ళ కడిగి దేవుడి దగ్గర పెట్టింది. తివాచీ మరక మీద ఇప్పుడు పీటే ఉంది, శాశ్వతంగా.

పండగ రోజు అరిసెలు. దీని కోసమే నీకు ఈ ఉత్తరం రాస్తున్నానని అనుకో.

బియ్యం ముందు రోజే నానబోశాం. నీళ్ళు వడకట్టి, పంచె మీద ఆరబోసి, తడి ఉండగానే మిక్సీలో పట్టాం. కిలో బియ్యం పట్టేసరికి మిక్సీ మూడుసార్లు కాలిన వాసనొచ్చి ఆగింది. మన కొత్త బియ్యం కావు కదా, ఎలా వస్తాయోనని ఒక భయం. జల్లించిన పిండి చెమ్మ ఆరకుండా చేత్తో అదిమి మూత పెట్టాం. అంతవరకూ ఇద్దరిదీ ఒకటే మాట. బెల్లం పొయ్యి మీద పెట్టాక మొదలైంది.

నువ్వు గిన్నెలో నీళ్ళు పోసుకుని పాకం చుక్క వేసి, వేలితో కూడదీస్తే మెత్తటి ఉండ వస్తే దించేసేదానివని అక్క. కాదు, ఆ ఉండని పళ్ళెం అంచుకేసి కొట్టి, చప్పుడు వింటే గానీ దించేదానివి కాదని నేను. నాకు ఆ చప్పుడు బాగా గుర్తు. వసారాలో పడుకుని వినేదాన్ని.

మొదటి వాయి అక్క పద్ధతి. పిండి కలిపి, నువ్వులద్ది, అరిటాకు లేదు కాబట్టి పాల కవరు మీద తట్టి నూనెలో వేస్తే విచ్చిపోయి ఇసకలా అడుక్కి చేరింది. "నీ పాకం తీగపాకం దగ్గరే ఆగిపోయింది" అన్నాను. రెండో వాయి నా పద్ధతి. చప్పుడొచ్చేదాకా ఉంచాను. అరిసెలు చక్కగా పొంగాయి, రంగొచ్చాయి, చల్లారాక పెంకులయ్యాయి. బావగారు ఒకటి తీసి తలుపు కింద పెట్టారు. తలుపు ఆగింది.

మూడో పాకం పొయ్యి మీదుండగా నువ్వు ఫోను చేశావు. గుర్తుందా? తెరలో నీ నుదురు, ఫ్యాను. మేమిద్దరం ఒకేసారి "పాకం ఎలా చూడాలి అమ్మమ్మా" అని అరిచాం. నువ్వేదో గట్టిగా చెప్పావు, "పిండి" అన్న ముక్క ఒక్కటే మాకు వినపడింది. లైను పోయింది. తిరిగి చూస్తే పాకం బుడబుడలాడుతోంది. నీళ్ళలో వేసి చూడలేదు, చప్పుడూ వినలేదు. అక్క కంగారులో పిండంతా ఒక్కసారి దిమ్మరించేసింది, నేను తెడ్డుతో కలిపాను. ఆ వాయి అరిసెలు వచ్చాయమ్మా! అంచు కరకరలాడుతూ, మధ్యలో మెత్తగా, రెండు గిన్నెల అడుగుల మధ్య పెట్టి నొక్కితే నూనె కారుతూ. పద్దెనిమిది అరిసెలు, రాత్రికి మూడు మిగిలాయి. అది ఏ పాకమో మాత్రం ఇద్దరికీ తెలీదు.

తరవాత రోజుల్లో పెంగ్విన్లు చూడ్డానికి ఫిలిప్ ద్వీపం వెళ్ళాం. మోచెయ్యంత కూడా ఉండవు, పొద్దుగూకాక సముద్రంలోంచి గుంపుగా నడిచొస్తాయి. ఇక్కడ వేసవిలో పొద్దుగూకడమే ఎనిమిదిన్నర దాటాక. అప్పటికి ఎండ పోయి ఎముకలు కొరికే గాలి, ఒక్కరికీ స్వెట్టరు లేదు. ఫొటోలు తీయనివ్వరు కాబట్టి చూపించడానికేమీ లేవు. తిరిగొచ్చేటప్పుడు కార్ల దగ్గర బోర్డు: బయల్దేరే ముందు కారు కింద పెంగ్విన్లున్నాయేమో చూసుకోండి. తాతయ్య బండి తోలే ముందు కోడిపిల్లల కోసం వంగి చూసేవాడే, ఈయన అచ్చం అలాగే వంగారు.

కారమ్ డౌన్స్ గుడికీ వెళ్ళాం. అక్కడ ప్రసాదం పులిహోర. ఈయన రెండోసారి వరసలో నిలబడ్డారు.

ఏసీ బాగుచేయించి తిరిగొచ్చాం. పక్కింటి లెబనాన్ ఆవిడ తాళాలతోపాటు నీ డబ్బా ఇచ్చింది. తళతళా తోమి, లోపల ఖర్జూరం పెట్టిన రవ్వ బిస్కెట్లు నింపి. ఖాళీ డబ్బా తిరిగివ్వకూడదట వాళ్ళలోనూ. పులిహోర వాళ్ళ ముసలాయనకి బాగా నచ్చిందట, మూత మీద రాసింది ఏమిటని అడిగాడట. తాతయ్య పేరు చెప్పాను. ఆవిడ దాన్ని పలకబోయి నవ్వేసింది.

సరే, పాకం విషయంలో అక్కా నేనూ వేసుకున్న పందెం సంగతి. అక్క చెప్పిన మెత్తటి ఉండ పద్ధతే రైటయితే వచ్చే సంక్రాంతికి మళ్ళీ మేమే మెల్‌బోర్న్ వెళ్ళాలి. నా చప్పుడు పద్ధతైతే అక్కావాళ్ళు సిడ్నీ రావాలి. కాబట్టి ఆ రోజు ఫోనులో "పిండి" ముందూ వెనకా ఏమన్నావో, ఉన్నదున్నట్టు రాసి పంపు.

నీ చిన్న మనవరాలు

తా.క. జవాబు ముందు నాకు రాయి. అక్క అడిగితే మోకాళ్ళ నొప్పులని చెప్పి నాలుగు రోజులు ఆపు.