వారానికి ఆరు గంటలు ఎప్పుడిస్తారు, మంత్రి గారూ?

సంక్షేమ శాఖ మంత్రి గారికి నమస్కారాలు.

మీ కార్యాలయానికి నేను రాస్తున్న నాలుగో ఉత్తరమిది. మొదటి మూడూ అందినట్టు రసీదులు వచ్చాయి, జవాబు మాత్రం రాలేదు. అందుకే ఈసారి నలుగురూ చదివేలా రాస్తున్నాను.

మా బాబుకు మూడున్నరేళ్లు. సెరిబ్రల్ పాల్సీ, అంటే మెదడుకు కలిగిన దెబ్బ వల్ల కండరాలు, కదలికలు అదుపులో ఉండని స్థితి. మీ కుటుంబ సహాయ పథకంలో వాడి పేరు నమోదై 14 నెలలైంది. శిక్షణ పొందిన మనిషి వారానికి ఆరు గంటలు ఇంటికి వచ్చి వాడిని చూసుకుంటారని ఆ రోజే చెప్పారు. ఇంతవరకు మా గడప ఎవరూ తొక్కలేదు. చేతికి వచ్చింది వ్యాయామాల కాగితం ఒక్కటే.

ఆ కాగితం ప్రకారం రోజుకు మూడు పూటలా వాడి మడమలు, మోకాళ్లు, తుంటి కీళ్లు సాగదీయాలి. బిగుసుకున్న కండరాన్ని సాగదీస్తే నొప్పి పుడుతుంది, వాడు ఏడుస్తాడు. మానేస్తే కీళ్లు బిగిసిపోతాయి కాబట్టి నేను మానను. ఒక్క పూట తినిపించడానికి గంట పడుతుంది. తల సరిగా పట్టుకోకపోతే పొలమారుతుంది. రాత్రి వాడిని పక్కకు తిప్పి పడుకోబెట్టడానికి రెండుసార్లు లేస్తాను. చాకిరీకి నేను ఏనాడూ వెనకాడలేదు. కానీ ఇప్పుడు నేను చాప పరిస్తే చాలు, వాడు ముఖం తిప్పుకుంటున్నాడు. పక్కింటి అమ్మాయి వస్తే నవ్వుతాడు. నా చేతులు దగ్గరికొస్తే ఒళ్లు బిగబడతాడు. మంత్రి గారూ, కన్నబిడ్డ నన్ను చూసి భయపడుతుంటే నేను ఎవరికి చెప్పుకోవాలి?

మా బాబు నవ్వు ఆలస్యంగా వస్తుంది. పిలిస్తే పలకాలని వాడికీ ఉంటుంది, కానీ చూపు నిలిచి, పెదవి కదిలేసరికి కొంతసేపు పడుతుంది. అంతవరకు కదలకుండా ఎదురుచూస్తేనే ఆ నవ్వు కనిపిస్తుంది. నిద్రలేక, పని తెమలక, నేను అప్పటికే లేచి వెళ్లిపోతుంటాను. అలా ఎన్ని నవ్వులు పోగొట్టుకున్నానో లెక్క లేదు.

పోయిన నెల మా చెల్లెలు వచ్చి రెండు రోజులుంది. వ్యాయామాలన్నీ తనే చేయించింది. నేను వాడిని ఒళ్లో వేసుకుని ఊరికే కూర్చున్నాను. రెండో రోజు సాయంత్రం వాడు నా జుట్టు గుప్పిట్లో పట్టుకుని చాలాసేపు వదల్లేదు. మీరు ఇస్తామన్న ఆరు గంటలు నేను అడిగేది దీనికోసమే.

మీ అధికారి ఒకరు నన్ను అడిగారు, "తల్లివి నువ్వుండగా వేరే మనిషి ఎందుకమ్మా?" అని. తల్లిగా ఉండటానికే అడుగుతున్నానని చెప్పాను. ఆయన ఫైలు మూసేశారు. వికలాంగుల హక్కులపై ఐక్యరాజ్యసమితి 2006లో ఆమోదించిన ఒడంబడిక గురించి మీ శాఖ కరపత్రంలోనే చూసి, వెతికి చదివాను. వైకల్యం ఉన్న పిల్లలకే కాదు, వారి కుటుంబాలకూ తొలినాళ్లలోనే సమాచారం, సేవలు, అండ అందించాలని 23వ అధికరణం చెబుతోంది. ఆ కుటుంబాల్లో మాదీ ఒకటి కాదా?

ఆరు గంటలు కుదరకపోతే మూడైనా ఇవ్వండి. దయచేసి ఆ మనిషిని పంపండి. ఎప్పుడు పంపుతారో ఒక తేదీ చెప్పండి. వాడికి నాలుగేళ్లు నిండకముందే పంపండి.

ఇట్లు,
ఒక తల్లి